అద్దం తుడిచే చేప: 60 రూపాయల సక్కర్ ఫిష్ మీద మూడున్నరేళ్ల తర్వాత ఒక సమీక్ష

మూడున్నరేళ్ల క్రితం విజయవాడలోని ఒక అక్వేరియం దుకాణంలో 60 రూపాయలు పెట్టి రెండంగుళాల సక్కర్ ఫిష్‌ను కొన్నాను. సరుకు ఇంటికి చేరిన వారానికే సమీక్ష రాసేయడం అందరికీ అలవాటైపోయింది గానీ, ఈ సరుకు విషయంలో వారం రోజుల అనుభవం ఎందుకూ కొరగాదు. మొదటి వారంలోనే రాసి ఉంటే నేను కూడా కళ్లు మూసుకుని అయిదు నక్షత్రాలు ఇచ్చి ఉండేదాన్ని. అందుకే ఇన్నాళ్లు ఆగి, చేప పెరిగి, తొట్టి మారి, నా అభిప్రాయం కూడా రెండు మూడు సార్లు మారిన తర్వాత ఇప్పుడు రాస్తున్నాను. దుకాణం పేరు మాత్రం చెప్పను. ఇవే మాటలు చెప్పి ఇదే చేపను అమ్మే దుకాణాలు ఊరూరా ఉన్నాయి కాబట్టి ఒక్కరి మీద నింద వేయడం న్యాయం కాదు.

అప్పటికి మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. లెక్క ప్రకారం అది 56 లీటర్ల తొట్టి అయినా, అడుగున గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్లకు మించవు. కిటికీ పక్కన పెట్టడం వల్ల నెల తిరిగేసరికి అద్దాలకు ఆకుపచ్చ పాచి పట్టింది. ఆ సంగతి చెప్పగానే దుకాణంలోని కుర్రవాడు మూలనున్న తొట్టిలోంచి ఈ చేపను చూపించి, "ఇదొకటి వేసుకోండి మేడమ్, అద్దమంతా నాకేస్తుంది. మిగతా చేపల మలం కూడా ఇదే తినేస్తుంది. దీనికి విడిగా మేత అక్కర్లేదు, ఇంతకన్నా పెద్దగా పెరగదు కూడా" అన్నాడు. ఆ నాలుగు మాటల్లో మొదటిది సగం నిజం, మిగిలిన మూడూ అబద్ధాలు. అతను కావాలని అబద్ధమాడాడని నేను అనుకోవడం లేదు. అతనికి ఎవరో అలా చెప్పి ఉంటారు, అతను నాకు చెప్పాడు.

ఇంతకీ ఆ ప్లాస్టిక్ సంచిలో నేను ఇంటికి తెచ్చుకున్నది ఏమిటో ముందుగా చెప్పాలి, ఎందుకంటే దాని అసలు పేరు దుకాణంలో ఎక్కడా రాసి లేదు. ఇది జెల్లల కోవకు చెందిన చేప. మన కాలువల్లో దొరికే జెల్లకు, వాలుగకు, మార్పుకు ఒంటి మీద పొలుసులు ఉండవు, చర్మం నున్నగా జారిపోతూ ఉంటుంది. దీనికి మాత్రం తల నుంచి తోక దాకా ఎముక పలకలు పెంకుటింటి కప్పులా వరుసలుగా పేర్చి ఉంటాయి. లోరికారిడే అనే ఈ కవచపు జెల్లల కుటుంబంలో దాదాపు వెయ్యి జాతులు ఉన్నాయి. జెల్లల కుటుంబాలన్నింటిలోనూ ఇదే పెద్దది, దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, కొన్ని జాతులు పనామా, కోస్టారికాల దాకా కూడా విస్తరించాయి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ కుటుంబంలోని ఒక చేపకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు, ఆ ఎముక పలకలు చూసి దాన్ని కేవియర్ గుడ్లు ఇచ్చే స్టర్జన్ చేపల సరసన చేర్చి ‘అసిపెన్సర్ ప్లెకోస్టోమస్’ అని పిలిచాడు. తర్వాతివాళ్లు ఆ చుట్టరికాన్ని తుంచేశారు గానీ, ముడతల నోరు అనే అర్థం వచ్చే రెండో ముక్క మాత్రం మిగిలిపోయి, అక్వేరియం ప్రియుల నోట ఈనాటికీ ‘ప్లెకో’గా వినిపిస్తోంది.

అయితే మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది లిన్నేయస్ పేరు పెట్టిన ఆ చేప కాదు. తేడా తెలుసుకోవడానికి వీపు మీది రెక్క చూస్తే చాలు. ముందుండే గట్టి ముల్లును వదిలేసి దాని వెనకనున్న మెత్తటి పుల్లలను లెక్కపెట్టాలి. అవి ఏడెనిమిది ఉంటే అది లిన్నేయస్ చేప ఉండే హైపోస్టోమస్ ప్రజాతి, పది గానీ అంతకు మించి గానీ ఉంటే టెరిగోప్లిక్తిస్ అనే వేరే ప్రజాతి అని గుర్తు. నా చేపకు పన్నెండున్నాయి, విప్పినప్పుడు ఆ రెక్క తెరచాపలా నిలబడుతుంది. టెరిగోప్లిక్తిస్‌లో మళ్లీ కడుపు మీద చుక్కలు విడివిడిగా ఉంటే పార్డాలిస్ అనీ, ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పురుగు పాకిన జాడల్లా గీతలు కట్టి ఉంటే డిస్‌జంక్టివస్ అనీ అంటారు. పుట్టినచోటు వదిలి ఇతర దేశాల్లో స్థిరపడినచోట ఈ రెండూ కలిసిపోయి సంకర సంతానం కూడా కనిపిస్తుంది. అద్దానికి అతుక్కున్నప్పుడు నా చేప కడుపు చూస్తే సగం చుక్కలు, సగం గీతలు, అందుచేత నేను అంతకు మించి పట్టుబట్టలేదు.

ఇక అద్దం నాకడం సంగతి. సంచిని పావుగంట సేపు తొట్టి నీటిపై తేలనిచ్చి, రబ్బరు బ్యాండు విప్పి చేపను వదిలిన నిమిషానికల్లా అది ముందు అద్దానికి అతుక్కుంది. అప్పుడు అద్దానికి ఇవతలి వైపు నుంచి ఒక అంగుళం దూరంలో ముఖం పెట్టి చూస్తే, నేను అంతవరకు చూడని పరికరం ఒకటి కనిపించింది. నోరు ముందుకు కాక కిందికి తెరుచుకుని ఉంది. పై పెదవి, కింది పెదవి కలిసి గుండ్రని పళ్లెంలా విచ్చుకుని, దాని మీద ఆవాల కన్నా సన్నని బుడిపెలు పరుచుకుని ఉన్నాయి. పళ్లెం నడుమ పై దవడకు రెండు, కింది దవడకు రెండు చొప్పున నాలుగు చిన్న దువ్వెనల్లాంటి పళ్ల వరుసలు ఒకదానికొకటి ఎదురుగా కదులుతున్నాయి. ఒక్కొక్క పన్ను వెంట్రుకలా సన్నగా ఉండి, కొన దగ్గర వంగి, రెండుగా చీలి ఉంటుంది. గీకి గీకి అరిగిన పళ్లు రాలిపోతే వెనక సిద్ధంగా ఉన్నవి వాటి చోటుకు వస్తాయి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఊపిరి సంగతి. చేప నోటితో నీళ్లు తీసుకుని మొప్పల గుండా బయటికి వదులుతుందని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. నోటినే అద్దానికి అతికించి కూర్చున్న చేప మరి నీళ్లు ఎక్కడి నుంచి తీసుకుంటుంది? పళ్లెం రెండు పక్కలా, పొట్టి మీసాలు మొదలయ్యేచోట, సన్నని కాలువల్లాంటి సందులు ఉంటాయి. పెదవుల పట్టు వదలకుండానే ఆ సందుల గుండా నీరు లోపలికి వెళ్తుంది, నోటి లోపలున్న ఒక కవాటం పీల్పు పూర్తిగా చెడిపోకుండా కాపాడుతుంది. అంటే పట్టుకోవడం, గీకడం, ఊపిరి తీయడం మూడు పనులూ ఒకే నోరు ఒకేసారి చేస్తోందన్నమాట. ఉరవడి ఎక్కువున్న నదుల్లో రాతికీ, మునిగిన మానుకూ అతుక్కుని కొట్టుకుపోకుండా మేయడానికి ఏర్పడిన ఈ నిర్మాణాన్ని మనం తీసుకొచ్చి, హాల్లో టీవీ పక్కన పెట్టుకున్న తొట్టికి గుడ్డపేలిక బదులు వాడుకోవాలని చూస్తున్నాం.

వాడుక మాటకొస్తే, మొదటి నాలుగు నెలలు నాకు ఏ ఫిర్యాదూ లేదు. అద్దం మీది మెత్తటి ఆకుపచ్చ పాచినీ, గోధుమరంగు పొరనూ అది శుభ్రంగా తినేసింది. ఉదయం లేచి చూస్తే అద్దం మీద దాని నోరు తిరిగిన దారి వంకర టింకర ముగ్గులా కనిపించేది. జుట్టులా సాగే నాచునూ, రాళ్ల అంచుల్లో పట్టే నల్ల కుచ్చులనూ, అద్దానికి గట్టిగా కరుచుకునే పచ్చటి చుక్కలనూ మాత్రం అది ముట్టలేదు. ఆరు నెలలు దాటాక అద్దం మీద దానికి ఆసక్తి తగ్గింది. గోల్డ్‌ఫిష్‌లకు వేసిన గుళికలు అడుగుకు చేరేదాకా కాచుకుని ఉండి, అవి తినడానికి అలవాటుపడింది. తేలికగా దొరికే తిండి కళ్లెదుట ఉండగా గాజు గీకుతూ కూర్చోవడానికి దానికేం పట్టింది?

మలం తింటుందన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తినదు. పైగా తానే తొట్టిలోని చేపలన్నింటికన్నా ఎక్కువ మలం వేస్తుంది. ఈ చేప పేగు శరీరం కన్నా ఎన్నో రెట్లు పొడవుగా ఉండి, గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని కడుపు కింద అమరి ఉంటుంది. పాచి, కుళ్లిన ఆకు, బురదలోని సేంద్రియ పదార్థం లాంటి సారం తక్కువ తిండి నుంచి బతుకు వెళ్లదీయాలంటే రోజంతా తింటూనే ఉండాలి, తిన్నది రోజంతా బయటికి పోతూనే ఉండాలి. ఫలితంగా జానెడు పొడవున్న దారాలు ఫిల్టరు గొట్టానికి వేలాడుతూ ఉంటాయి. కంటికి కనిపించే ఆ దారాల కన్నా కనిపించనిది ఎక్కువ హాని చేస్తుంది. చేప నుంచి వెలువడే అమ్మోనియా ఫిల్టరులోని బ్యాక్టీరియా చలవతో నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేటు, దానికి తోడు వెలుతురు కలిస్తే పాచికి అంతకన్నా మంచి ఎరువు లేదు. పాచి తీయడానికి తెచ్చిన చేప పాచికి ఎరువు వేస్తోందని నాకు అర్థమయ్యేసరికి ఏడాది గడిచింది. మెక్సికోలోని చాకమాక్స్ నదిలో ఈ చేపలు విపరీతంగా పెరిగినప్పుడు ఏం జరుగుతోందో పరిశోధించినవాళ్లు ఇలాంటిదే మరింత పెద్ద ఎత్తున చూశారు. ఎముక కవచం కట్టుకోవడానికి భాస్వరాన్ని ఒంట్లోనే దాచుకుని, నత్రజనిని మాత్రం నీటిలోకి వదులుతూ, ఆ ఏటి పోషకాల లెక్కనే ఇవి మార్చేశాయి.

విడిగా మేత అక్కర్లేదన్న మాటకు మూల్యం నేను కాక నా గోల్డ్‌ఫిష్ చెల్లించింది. తొట్టిలో పాచి అయిపోయి, నేను మేత వేయక, ఆకలితో ఉన్న సక్కర్ రాత్రిపూట నిద్రలో ఉన్న గోల్డ్‌ఫిష్ పక్కకు అతుక్కుని దాని ఒంటి జిగురు గీకి తినడం మొదలుపెట్టింది. ఉదయానికి ఒక గోల్డ్‌ఫిష్ డొక్క మీద రూపాయి బిళ్లంత మేర పొలుసులు లేచిపోయి ఎర్రగా పుండు పడింది. ఫ్లోరిడాలో ఇవే చేపలు చలికాలంలో వెచ్చటి ఊటల దగ్గరికి చేరే మనాటీలనే భారీ జలచరాలకు గుంపులుగా అతుక్కుని వాటి ఒంటి మీది పాచిని మేస్తూ ఉంటాయి. మనాటీ వందల కిలోల జంతువు కాబట్టి తట్టుకుంటుంది, మూడంగుళాల గోల్డ్‌ఫిష్ తట్టుకోలేదు. అప్పటి నుంచి రోజూ రాత్రి దీపం ఆర్పే ముందు దీనికి విడిగా మేత వేస్తున్నాను. కీరాదోసకాయ ముక్క, ఉడికించిన సొరకాయ ముక్క, వారంలో రెండు సార్లు అడుగుకు మునిగే పాచి బిళ్ల దీని మెనూ. సొరకాయ చక్రం తేలిపోకుండా స్టీలు చెంచాకు గుచ్చి ముంచితే, తెల్లారేసరికి తొక్క ఉంగరంలా మిగులుతుంది. తొట్టిలో ఒక డ్రిఫ్ట్‌వుడ్ మొద్దు కూడా వేశాను. దాన్ని గీకుతున్నప్పుడు వచ్చే గరగర శబ్దం నిశ్శబ్దంగా ఉన్న రాత్రి పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది.

పెరగదన్న చివరి మాట అన్నింటికన్నా పెద్ద అబద్ధం. మొదటి ఏడాది చివరికి ఆరంగుళాలు, రెండో ఏటికి పదంగుళాలు, ఇప్పుడు తోకతో కలిపి 14 అంగుళాలు ఉంది. ఈ చేపలు మామూలుగానే అడుగున్నర దాకా పెరుగుతాయి, బాగా చూసుకుంటే తొట్టిలో పది పదిహేనేళ్లు బతుకుతాయి. తొట్టి పరిమాణాన్ని బట్టి చేప పెరుగుదల ఆగిపోతుందని కొందరు చెబుతారు. చిన్న తొట్టిలో చేప గిడసబారుతుంది, రోగాన పడుతుంది, వెన్ను వంగిపోతుంది. దాన్ని పెరుగుదల ఆగడం అనుకుంటే అనుకోవచ్చు. రెండో ఏడు నిండేసరికి నా రెండడుగుల తొట్టిలో ఈ చేప వెనక్కి తిరగాలంటే తోకతో నీళ్లు బయటికి చిమ్మాల్సి వచ్చేది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న కొత్త తొట్టి, 250 కిలోల నీటి బరువు మోసే ఇనుప స్టాండు, పెద్ద ఫిల్టరు కలిపి నాకు 14 వేల రూపాయలు ఖర్చయింది. సరుకు ధర 60 రూపాయలే, దాన్ని ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు ఇది.

పాత తొట్టిలోంచి కొత్త తొట్టిలోకి మార్చిన రోజు జరిగినది కూడా చెప్పాలి, కొనేవారికి ఉపయోగపడుతుంది. మామూలు చేతి వలతో పట్టబోయాను. వలలో పడగానే చేప రెండు పక్కల రెక్కల ముందుండే ముళ్లను అడ్డంగా చాపి బిగించుకుంది, వీపు రెక్క కూడా నిక్కపొడుచుకుంది. ఆ ముళ్లకు రంపంలా చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి, అవి వల కంతల్లో ఇరుక్కున్నాక లాగేకొద్దీ బిగుసుకుంటాయి. ముల్లును కీలులో రాపాడిస్తూ అది చేసిన కిరకిర శబ్దానికి మా అమ్మాయి భయపడి దూరం వెళ్లింది. చివరికి వలను కత్తెరతో కోసి, ఒక్కొక్క దారం తప్పించి విడిపించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏ గోల్డ్‌ఫిషో అయితే ఆ సరికి చచ్చి ఉండేది. ఇది బకెట్‌లోకి వదలగానే ఏమీ జరగనట్టు అడుగుకు వెళ్లి అతుక్కుంది. దీన్ని పట్టాలంటే వల వాడకూడదు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ముంచి లోపలికి తోలాలి.

అంతసేపు అది బయట ఎలా ఉండగలిగిందో నాకు అంతకు ముందు వేసవిలోనే అర్థమై ఉండాల్సింది. మే నెలలో ఒక మధ్యాహ్నం అయిదు గంటల పాటు కరెంటు పోయి, ఫిల్టరు, గాలి పంపు రెండూ ఆగిపోయాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడ్డాయి, వాటిలో ఒకటి సాయంత్రానికి చనిపోయింది. సక్కర్ మాత్రం కొన్ని నిమిషాలకొకసారి అడుగు నుంచి బాణంలా పైకి దూసుకొచ్చి, ఒక గుటక గాలి మింగి, అంతే వేగంగా కిందికి వెళ్లి కూర్చుంది. కొర్రమీను, మార్పు గాలి పీల్చడం మన ప్రాంతం వాళ్లకు తెలిసిన సంగతే, కాకపోతే వాటికి అందుకోసం మొప్పల పైన ప్రత్యేక అవయవాలు ఉంటాయి. ఇది ఆ పనికి కడుపునే వాడుకుంటుంది. దాని కడుపు గోడ పలుచగా, నిండా రక్తనాళాలతో ఉండి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది, అరుగుదల భారం చాలావరకు ఆ పొడవాటి పేగు మీదే పడుతుంది. ఒంటికి తడి ఆరనంత వరకు నీటి బయట గంటల తరబడి బతకగలదు.

దీని కన్ను కూడా చూడదగ్గది. పగటి వెలుతురులో కనుపాప పైనుంచి ఒక చిన్న తెర కిందికి దిగి దాదాపు మూసేస్తుంది, అప్పుడు నలుపు భాగం గుర్రపు నాడాలా వంపు తిరిగి కనిపిస్తుంది. దీపం ఆర్పి, పది నిమిషాలాగి టార్చి వేసి చూస్తే ఆ తెర ముడుచుకుని కన్ను గుండ్రంగా ఉంటుంది. అప్పుడప్పుడు కనుగుడ్డును లోపలికి తిప్పుకుంటే కన్ను గీటినట్టు ఉంటుంది. చేపలకు రెప్పలు లేవని తెలిసినా, నేను మొదటిసారి చూసినప్పుడు ఉలిక్కిపడ్డాను.

రెండో ఏడు నిండాక, కొత్త తొట్టి కొనక ముందు, నేను ఒకసారి ఆ దుకాణానికి వెళ్లి చేపను తిరిగి తీసుకుంటారా అని అడిగాను. "ఇంత పెద్దది ఎవరూ కొనరు మేడమ్. ఏలూరు కాలువలో వదిలేయండి, హాయిగా బతుకుతుంది" అన్నారు. దుకాణం సేవకు నేను తక్కువ మార్కులు వేయడానికి కారణం ఈ మాటే. హాయిగా బతుకుతుందన్నది నిజం కాబట్టే అది అంత ప్రమాదకరమైన సలహా.

తొట్టిలో ఈ చేప జతకట్టి పిల్లలు పెట్టడం దాదాపు ఎవరూ చూడరు, ఎందుకంటే దానికి కావలసింది గాజు కాదు, గట్టు. ఏటి ఒడ్డున బంకమన్నులోకి మగచేప తలతో, రెక్కలతో తవ్వుకుంటూ మీటరు దాకా పొడవుండే బొరియ చేస్తుంది. ఆడచేప అందులో పసుపుపచ్చని గుడ్లను వందల నుంచి వేల సంఖ్యలో, ఒకదానికొకటి అంటుకుని ఉండే ముద్దగా పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత గుడ్లు పొదిగి పిల్లలు కదిలేదాకా కాపలా మగచేపదే, తోకతో నీళ్లు విసురుతూ గుడ్లకు గాలి ఆడేలా చూస్తుంది. లక్షల గుడ్లు పెట్టి గాలికి వదిలేసే మన బొచ్చె, శీలావతితో పోలిస్తే ఇది పెట్టే గుడ్లు తక్కువే గానీ, తండ్రి కాపలాలో బతికి బట్టకట్టేవి ఎక్కువ. పెరిగాక ఎముక కవచం వల్ల మన నీళ్లలోని వాలుగ గానీ, కొర్రమీను గానీ దాని జోలికి పోలేవు. అటు గట్లేమో ఒకదాని పక్కన ఒకటిగా బొరియలు పడి, వర్షాలకు విరిగి జారిపోతాయి.

మెక్సికోలోని ఇన్‌ఫియెర్నిల్లో జలాశయంలో ఒకప్పుడు తిలాపియా వేట మీద వేలమంది బతికేవారు. ఈ చేప చేరాక వలల నిండా తిలాపియాకు బదులు ఇవే పడటం మొదలైంది. అక్కడివాళ్లు దీనికి పెట్టుకున్న పేరుకు అర్థం దెయ్యపు చేప, మన పత్రికల్లో కనిపించే డెవిల్ ఫిష్ అదే. 2020లో వారణాసి దగ్గర గంగలో కూడా దొరికింది. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో చేపల చెరువుల రైతులు ఇది మేత తినేస్తోందనీ, గట్లు తవ్వేస్తోందనీ కొన్నేళ్లుగా మొత్తుకుంటున్నారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపను పట్టనక్కర్లేకుండా, నీటిలో కలిసి ఉండే డీఎన్ఏ ఆనవాళ్ల ద్వారానే దీని ఉనికిని పసిగట్టే పరీక్షను రూపొందించి తూర్పు కనుమల జలవనరుల్లో వాడి చూశారు, చాలా చోట్ల ఇది బయటపడింది. ఒక్క చేప ఇరుక్కుంటే నేను ఒక చేతి వల పోగొట్టుకున్నాను. కాలువలో వేసిన వలలో ఇలాంటివి యాభై పడితే ఆ జాలరి రోజు కూలీ, వల రెండూ పోతాయి, పడిన చేపలకు సంతలో ధర కూడా లేదు. ప్యూర్టోరికోలో ఈ చేపను మింగబోయిన గూడబాతులు ముళ్లు గొంతుకు అడ్డంపడి చనిపోయాయని చదివినప్పుడు నాకు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూళ్లు కట్టుకునే గూడబాతులు గుర్తుకొచ్చాయి. ఏలూరు కాలువ నీరు వెళ్లేది ఆ వైపే.

పుట్టినచోట మాత్రం దీనికి ఈ చెడ్డపేరు లేదు. అమెజాన్ దిగువ ప్రాంతాల్లో దీన్ని అకారి అంటారు, నిప్పుల మీద కవచంతో సహా కాల్చి, పెంకును పళ్లెంలా విప్పి లోపలి మాంసం తింటారు, మిగిలిన మాంసాన్ని వేయించి పిరాకుయి అనే పిండిగా చేసి నిల్వ పెట్టుకుంటారు. చేపలో దోషం లేదు, దాన్ని తెచ్చి పడేసిన చోటులో ఉంది.

సక్కర్ అన్న పేరుతో దుకాణాల్లో దొరికే మరో రెండు చేపల గురించి కూడా చెప్పాలి. పసుపుపచ్చగా, సన్నగా ఉండి ‘గోల్డెన్ సక్కర్’ పేరుతో అమ్మేది అసలు జెల్లే కాదు. అది ఆగ్నేయాసియా నదుల చేప, దానికి ఊపిరి కోసం మొప్ప మూత పైభాగాన నీరు లోపలికి తీసుకునే ప్రత్యేకమైన రంధ్రం ఉంటుంది. చిన్నప్పుడు పాచి బాగానే తింటుంది గానీ, పెద్దదయ్యాక తోటి చేపలను తరిమి తరిమి వాటి జిగురు గీకుతుంది, కాబట్టి కొనవద్దు. రెండోది ముక్కు మీద మెత్తటి మీసాల పొద ఉండే ‘బ్రిసిల్‌నోస్’. ఇది నా చేప కుటుంబానిదే, అయినా అయిదారంగుళాలకు మించి పెరగదు, తొట్టిలో పెట్టిన గొట్టంలోనే గుడ్లు పెడుతుంది, పాచి తినడంలో పెద్దయ్యాక కూడా బద్ధకించదు. ధర కాస్త ఎక్కువే, దీనికీ విడిగా మేత వేయాలి, దీన్నీ బయట వదలకూడదు. మూడడుగుల తొట్టి ఉన్నవారు సక్కర్ అడిగితే నేను దీన్నే సూచిస్తాను. అమెరికాలో ఉండే మనవాళ్లు అక్కడి నదుల్లో సక్కర్ అనే పేరు విని ఇదే అనుకునే అవకాశం ఉంది. అవి బొచ్చె, శీలావతి ఉన్న వర్గానికి చెందిన చేపలు. కండగల పెదవులతో అడుగు మట్టిని పీల్చి తింటాయే గానీ దేనికీ అతుక్కోవు, వసంతంలో గుంపులుగా ఏటికి ఎదురీది గులకరాళ్ల మీద గుడ్లు పెడతాయి. ఈ చేప వాటికి ఏమీ కాదు.

శుభ్రం చేసే సాధనంగా ఈ సరుకుకు నేను అయిదింటికి ఒక నక్షత్రం ఇస్తాను, అది కూడా మొదటి నాలుగు నెలల పనికి. పెంచుకునే చేపగా చూస్తే నాలుగు నక్షత్రాలు తేలికగా ఇవ్వవచ్చు. రోగాలకు లొంగదు, కరెంటు కోతకు చావదు, ఎన్నిసార్లు చూసినా కొత్తగా ఏదో ఒకటి చూపిస్తుంది. అయితే ఆ నాలుగు నక్షత్రాలు కనీసం 250 లీటర్ల తొట్టి, పెద్ద ఫిల్టరు, పది పదిహేనేళ్ల ఓపిక ఉన్నవారికి మాత్రమే. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కొనకండి. ఇప్పటికే కొని, పెరిగిపోయిందని అవస్థ పడుతున్నవారు పెద్ద తొట్టి ఉన్నవారిని వెతికి ఇవ్వండి, చెరువులో గానీ కాలువలో గానీ వదలవద్దు. అమ్మిన కుర్రవాడి మాటకు సున్నా.

అద్దం తుడవడానికి అయస్కాంతపు బ్రష్ ఒకటి కొన్నాను, 150 రూపాయలైంది. తొట్టిని కిటికీకి దూరంగా జరిపి, దీపాన్ని రోజుకు ఏడు గంటలకు తగ్గించి, వారానికి పావు వంతు నీళ్లు మారుస్తున్నప్పటి నుంచి పాచి కూడా తగ్గింది. మిగిలిన కాస్త పాచినీ ఆదివారం ఉదయం నేనే తుడుస్తున్నాను, బ్రష్ దగ్గరికి రాగానే ఆ చేప పట్టు వదిలి మొద్దు కిందికి జరిగిపోతుంది.